చలి పొద్దున పికప్ ఇంజన్ వణుకుతోందా? కారణం కనుక్కునే పద్ధతి

కూరగాయలు, పూలు, పాలు పికప్‌లో మార్కెట్‌కు తీసుకెళ్లే రైతుకు తెల్లవారుజామున బండి సరిగ్గా స్టార్ట్ కావడం చాలా ముఖ్యం. వేలం ముగిశాక చేరిన సరుకుకు ధర పలకదు. డిసెంబరు, జనవరి నెలల్లో చాలామందికి ఎదురయ్యే ఇబ్బంది ఒకటుంది. సెల్ఫ్ కొడితే ఇంజన్ అందుకుంటుంది గానీ నిలకడగా తిరగదు. క్యాబిన్ అంతా ఊగుతుంది, మిస్సింగ్ వినిపిస్తుంది, సైలెన్సర్ నుంచి పొగ వస్తుంది. ఐదు పది నిమిషాల్లో ఇంజన్ వేడెక్కాక అంతా సర్దుకుంటుంది. మెకానిక్ దగ్గరకు చేరేసరికి లోపం కనిపించదు. అప్పుడు ఊహ మీద విడిభాగాలు మార్చడం మొదలవుతుంది, ఖర్చు వేలల్లోకి వెళ్తుంది.

ఈ ఖర్చు తప్పాలంటే లోపం కనిపించే సమయంలోనే, అంటే ఇంటి దగ్గర చల్లటి ఇంజన్ మీదే, మీరు కొన్ని విషయాలు గమనించాలి. ఈ వ్యాసం కామన్ రైల్ టర్బో డీజిల్ ఇంజన్ ఉన్న పికప్‌ల గురించి.

చల్లటి ఇంజన్‌లోనే ఎందుకు?

డీజిల్ ఇంజన్‌లో పెట్రోల్ బండిలాగా నిప్పురవ్వ ఉండదు. సిలిండర్‌లో గాలిని గట్టిగా నొక్కినప్పుడు పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. ఇంజన్ చల్లగా ఉంటే ఆ వేడిలో కొంత సిలిండర్ గోడలు లాగేసుకుంటాయి. అందుకే హీటర్ ప్లగ్గులు సాయపడతాయి. గాలి నొక్కుడు తగ్గినా, డీజిల్ తుంపర సరిగా పడకపోయినా, ప్లగ్గు పని చేయకపోయినా ఆ సిలిండర్ మొదటి నిమిషాల్లో మండదు. నాలుగు సిలిండర్లలో ఒకటి మండకపోతే చాలు, ఇంజన్ ఊగుతుంది. వేడెక్కాక అదే సిలిండర్ మండడం మొదలుపెడుతుంది.

స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలో టకటక శబ్దం కొంచెం ఎక్కువగా ఉండటం, ఐడిలింగ్ కాస్త పెరిగి తర్వాత తగ్గడం మామూలే. బీఎస్-6 బండ్లలో డీపీఎఫ్ శుభ్రపడే సమయంలో కూడా ఐడిలింగ్ పెరగవచ్చు. శబ్దం ఒకే లయలో ఉంటే భయం లేదు. లయ తప్పి ఒక దెబ్బ విడిచి ఒక దెబ్బ కొడుతుంటేనే లోపంగా భావించాలి.

ముందుగా ఇవి రాసిపెట్టుకోండి

మూడు నాలుగు రోజులు ఈ కింది విషయాలు రాసుకుంటే మెకానిక్ పని సగం అయినట్టే.

1. బండి రాత్రంతా ఆగితేనే ఇలా చేస్తోందా, రెండు గంటలు ఆపినా చేస్తోందా?
2. సెల్ఫ్ చురుగ్గా తిరుగుతోందా, బరువుగా తిరుగుతోందా?
3. ఎన్ని నిమిషాలకు సర్దుకుంటోంది?
4. పొగ ఏ రంగు? వాసన ఎలా ఉంది?
5. చివరిసారి డీజిల్ ఎక్కడ, ఎప్పుడు పోయించారు? బంకులోనా, డబ్బాలో నిల్వ ఉంచిందా?
6. చలి లేని రోజుల్లో కూడా ఇలా చేసిందా?

చివరి ప్రశ్న చాలా అవసరం. మన మైదాన ప్రాంతాల్లో ఏడాదిలో ఎక్కువ రోజులు హీటర్ ప్లగ్గుల సాయం పెద్దగా లేకుండానే ఇంజన్ స్టార్ట్ అవుతుంది. అందుకే పాడైన ప్లగ్గులు నెలల తరబడి బయటపడవు. ఆదిలాబాద్, అరకు, లంబసింగి వైపు చలి ముదిరినప్పుడు ఒక్కసారిగా తెలుస్తాయి. లోపం చలిలో మాత్రమే ఉంటే ముందు ప్లగ్గులు, బ్యాటరీ చూడాలి. మే నెలలో కూడా పొద్దున్నే వణికితే డీజిల్ సరఫరా, ఇంజెక్టర్లు, కంప్రెషన్ చూడాలి.

పొగ ఏం చెబుతుంది?

తెల్ల పొగ, కళ్లు మండే డీజిల్ వాసన: డీజిల్ సిలిండర్‌లో పడుతోంది గానీ మండటం లేదు. హీటర్ ప్లగ్గులు, కంప్రెషన్, ఇంజెక్టర్ కారడం చూడాలి.

తెల్ల ఆవిరి, వాసన లేదు, రెండు మూడు నిమిషాల్లో పోతుంది: చలిలో మామూలే. ఇంజన్ వేడెక్కినా ఆవిరి ఆగకుండా, తియ్యటి వాసన వస్తూ, కూలెంట్ తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ లేదా ఈజీఆర్ కూలర్ నుంచి నీరు లోపలికి వెళ్తుండవచ్చు. బండి నడపకూడదు.

నల్ల పొగ: గాలి తక్కువ, డీజిల్ ఎక్కువ. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోవడం, ఈజీఆర్ వాల్వ్ మసి పట్టి తెరుచుకుని ఉండిపోవడం, ఇంజెక్టర్ ఎక్కువ పోయడం కారణాలు.

నీలి పొగ: ఇంజన్ ఆయిల్ కాలుతోంది. వాల్వ్ సీళ్లు, రింగులు లేదా టర్బో సీలు అరిగి ఉండవచ్చు.

పొగ అసలు లేకుండా ఊగితే: ఏదో సిలిండర్‌కు డీజిల్ అందకపోవడం, లైన్‌లో గాలి చేరడం లేదా ఇంజన్ మౌంటింగ్ రబ్బర్లు పగలడం అనుమానించాలి.

ఇంటి దగ్గరే చేయగల పరీక్షలు

ఖర్చు తక్కువ ఉన్న వాటితో మొదలుపెట్టండి. ఒక రోజు ఒక మార్పు మాత్రమే చేయాలి. రెండు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

బ్యాటరీ: రాత్రంతా ఆగిన బండిలో మల్టీమీటర్‌తో చూస్తే సుమారు 12.6 వోల్టులు ఉండాలి. 12.2 వస్తే సగమే ఛార్జి ఉన్నట్టు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే కిందికి పడిపోతే బ్యాటరీ గానీ వైర్ల బిగింపు గానీ బాగాలేదు. టెర్మినళ్ల మీద తెల్ల పొడి ఉంటే వేడినీళ్లతో శుభ్రం చేసి, ఆరాక బిగించండి. ఎర్త్ వైరు చాసిస్‌కు బిగించిన చోట తుప్పు పట్టిందేమో కూడా చూడాలి. బ్యాటరీ నీరసిస్తే సెల్ఫ్ నెమ్మదిస్తుంది, ప్లగ్గులు కూడా సరిగా వేడెక్కవు.

డీజిల్ ఫిల్టర్‌లో నీరు: నీరు డీజిల్ కంటే బరువు కాబట్టి ఫిల్టర్ అడుగున చేరుతుంది. ఇంజన్ ఆపి, కింద గాజు సీసా పెట్టి, డ్రెయిన్ స్క్రూ వదులు చేయండి. సీసాను పదినిమిషాలు కదపకుండా ఉంచితే నీరు కింద, డీజిల్ పైన విడిపోయి కనిపిస్తాయి. శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా వదిలి, స్క్రూ బిగించి, హ్యాండ్ పంపు ఉంటే గట్టిపడేదాకా నొక్కండి. నీరు ఎక్కువ వస్తే ట్యాంకు కూడా శుభ్రం చేయించాలి. వారం తర్వాత మళ్లీ చూడండి.

లైన్‌లో గాలి: పైపు జాయింట్ దగ్గర సన్నటి లీకు ఉంటే రాత్రిపూట డీజిల్ ట్యాంకులోకి వెనక్కి జారి, ఆ చోట గాలి చేరుతుంది. స్టార్ట్ అయి, అర నిమిషం నడిచి, ఊగి, మళ్లీ అందుకుంటే ఇదే ముఖ్య అనుమానం. ఒక రాత్రి బండిని ముందు భాగం కిందకి వచ్చేలా కొంచెం వాలులో, గేరులో వేసి, చక్రాలకు రాళ్లు పెట్టి నిలపండి. పొద్దున తేడా కనిపిస్తే పైపులు, క్లిప్పులు, ఫిల్టర్ వాషరు వరుసగా చూడాలి.

హీటర్ ప్లగ్గులు: తాళం ఆన్ చేసి, డ్యాష్‌బోర్డులో స్ప్రింగు గుర్తు దీపం ఆరేదాకా ఆగండి. స్టార్ట్ చేయకుండా ఆఫ్ చేసి, మళ్లీ ఆన్ చేయండి. ఇలా మూడుసార్లు చేసి అప్పుడు సెల్ఫ్ కొట్టండి. ఇంజన్ మునుపటి కంటే నిలకడగా తిరిగితే ప్లగ్గులు నీరసించాయని అర్థం. తేడా లేకపోతే ప్లగ్గులు బాగున్నాయని అనుకోకూడదు. రిలే లేదా ఫ్యూజు పోయి ఏ ప్లగ్గుకూ కరెంటు అందకపోయినా తేడా ఉండదు. మామూలు 12 వోల్టుల ప్లగ్గుల వైరు తీసి, టెస్ట్ ల్యాంపు ఒక కొసను బ్యాటరీ ప్లస్‌కు, రెండో కొసను ప్లగ్గు మొనకు తాకించండి. దీపం వెలగకపోతే ఆ ప్లగ్గు కాలిపోయింది. కొన్ని కొత్త ఇంజన్లలో తక్కువ వోల్టేజి ప్లగ్గులు ఉంటాయి. వాటికి నేరుగా బ్యాటరీ కరెంటు ఇస్తే పాడవుతాయి కాబట్టి స్కానర్‌తోనే చూపించాలి. ప్లగ్గులు విప్పడం మీరే చేయకండి. బిగుసుకుపోయినది విరిగితే హెడ్ దించాల్సి వస్తుంది.

టర్బో తప్పు ఎంత?

ఊగుడు కనిపించగానే టర్బో పోయిందని భయపడనవసరం లేదు. ఐడిలింగ్‌లో టర్బో నెట్టే గాలి చాలా తక్కువ. టర్బో పైపు పగిలినా, క్లిప్పు ఊడినా దాని ప్రభావం లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు కనిపిస్తుంది. బండి లాగదు, నల్ల పొగ వస్తుంది, ఈలలాంటి శబ్దం వినిపిస్తుంది. చల్లగా ఉన్నప్పుడు నీలి పొగ వచ్చి, ఇంటర్‌కూలర్ పైపులో ఆయిల్ బాగా చేరి ఉంటేనే టర్బో సీలును అనుమానించాలి. పైపు లోపల సన్నటి ఆయిల్ పొర ఉండటం మామూలే.

మెకానిక్‌తో ఏం చేయించాలి?

ఇంటి పరీక్షల్లో తేలకపోతే బండిని ముందురోజు సాయంత్రమే గ్యారేజీలో వదిలి, పొద్దున చల్లటి ఇంజన్ మీదే చూడమని చెప్పండి. ఈ వరుసలో అడగండి.

1. స్కానర్ పెట్టి లోపాల కోడ్లు, రైల్ ప్రెషర్, కూలెంట్ సెన్సర్ చూపే వేడి చూడాలి. రాత్రంతా ఆగిన ఇంజన్‌లో ఆ అంకె బయటి వాతావరణానికి దగ్గరగా ఉండాలి. చలిలో 70 డిగ్రీలు చూపిస్తే సెన్సర్ తప్పు చెబుతోంది, దాన్ని నమ్మి కంప్యూటర్ ప్లగ్గులను వేడి చేయదు.
2. ఇంజెక్టర్ల లీక్ బ్యాక్ పరీక్ష చేయాలి. ఒక్కో ఇంజెక్టర్ నుంచి వెనక్కి వచ్చే డీజిల్‌ను వేర్వేరు సీసాల్లో పట్టి పోలుస్తారు. ఒకటి మిగతావాటికంటే చాలా ఎక్కువ వదిలితే లోపం అక్కడ ఉంది.
3. ఈజీఆర్ వాల్వ్ విప్పి మసి చూడాలి.
4. చివరగా కంప్రెషన్ పరీక్ష చేయాలి.

ఈ పరీక్షల ఫలితం చూపించకుండా నాలుగు ఇంజెక్టర్లూ మార్చాలంటే ఒప్పుకోకండి. మార్చాల్సి వస్తే కొత్త ఇంజెక్టర్ మీది కోడ్‌ను కంప్యూటర్‌లో ఎక్కించారా అని అడగండి. కోడ్ అవసరమైన బండిలో అది ఎక్కించకపోతే కొత్తవి వేసినా ఊగుడు పోకపోవచ్చు. తీసిన పాతవి మీకు ఇమ్మనండి.

చేయకూడనివి

- ఇంజన్ నడుస్తుండగా ఇంజెక్టర్ పైపు నట్లు వదులు చేయకూడదు. పాత ట్రాక్టర్లలో ఇలా మిస్సింగ్ కనిపెట్టేవారు. కామన్ రైల్‌లో పీడనం 1000 బార్లకు మించి వెళ్లగలదు. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి వెళ్తుంది. అలా జరిగితే గాయం చిన్నదిగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.
- ఎయిర్ ఫిల్టర్ దగ్గర ఈథర్ స్ప్రే గానీ పెట్రోల్ గానీ కొట్టకూడదు. హీటర్ ప్లగ్గుల వేడికి అంటుకుని పిస్టన్ పగలవచ్చు, మంటలు రావచ్చు.
- ట్యాంకు, ఇంజన్ కింద మంట పెట్టకూడదు.
- డీజిల్‌లో కిరోసిన్ కలపకూడదు. పంపు, ఇంజెక్టర్లకు జిగి తగ్గి త్వరగా అరుగుతాయి.
- చల్లటి ఇంజన్‌ను రేజ్ చేయకూడదు. టర్బో బేరింగులకు ఆయిల్ చేరడానికి కొంత సమయం పడుతుంది.

వెంటనే బండి ఆపాల్సిన సందర్భాలు

ఇంజన్ ఆయిల్ మట్టం పెరిగి డీజిల్ వాసన వస్తే బండి నడపకండి. పలచబడిన ఆయిల్ టర్బోను, బేరింగులను తినేస్తుంది. ఆయిల్ ప్రెషర్ దీపం వెలిగినా, కూలెంట్ తగ్గుతున్నా, లోపల ఇనుము కొట్టిన శబ్దం వచ్చినా ఆపేయాలి. ఆరోజు సరుకుకు వేరే బండి కిరాయికి మాట్లాడుకోవడం ఇంజన్ బోరు పని కంటే ఎంతో చవక.

చలికి ముందే చేసుకోవలసినవి

నవంబరులోనే బ్యాటరీ, హీటర్ ప్లగ్గులు చూపించండి. కంపెనీ పుస్తకంలో చెప్పిన గడువుకే డీజిల్ ఫిల్టర్ మార్చండి. దుమ్ము దారుల్లో తిరిగే బండికి ఎయిర్ ఫిల్టర్ ఇంకా ముందే చూడాలి. రాత్రి ట్యాంకు సగానికి పైగా ఉంచితే లోపల తేమ తక్కువ చేరుతుంది. బీఎస్-6 బండికి కంపెనీ చెప్పిన గ్రేడు ఆయిలే వాడండి. లోడు దింపాక ఒక నిమిషం ఐడిలింగ్‌లో ఉంచి ఆపితే టర్బో చల్లబడుతుంది.

రాత్రి సరుకు ఎక్కించే ముందే ఒకసారి సెల్ఫ్ కొట్టి చూడండి. సెల్ఫ్ బరువుగా తిరుగుతుంటే బ్యాటరీ సంగతి అప్పుడే తెలుస్తుంది, తెల్లారేలోపు ఏర్పాటు చేసుకునే వీలుంటుంది.