శిక్షకు ముందు, శిక్షకు తరువాత

రాజకీయాల్లో పెద్దవాళ్ళకు నేరం రుజువై శిక్ష పడితే నిజంగా జైలుకు పోతారా? ఈ ప్రశ్న నన్నొక సాహిత్య విద్యార్థి అడిగాడు. పోయినవాళ్ళ జాబితా చెప్పవచ్చు, పోనివాళ్ళ జాబితా అంతకంటే పొడుగ్గా చెప్పవచ్చు. జాబితాలతో చరిత్ర బోధపడదు. రచయితలకు దగ్గరి సంబంధమున్న రెండు కేసులను పక్కపక్కన పెట్టి చూస్తే ప్రశ్న స్వరూపమే మారుతుందని నా అభిప్రాయం.

మొదటిది ఒక సినిమా కేసు. అమృత్ నహతా అనే పార్లమెంటు సభ్యుడు 'కిస్సా కుర్సీ కా' అనే హిందీ సినిమా తీశాడు. కుర్చీ రాజకీయాలను ఎగతాళి చేసిన చిత్రమది. 1975లో సెన్సారుకు వెళ్ళింది. ఇంతలో ఎమర్జెన్సీ వచ్చింది. ప్రభుత్వం సినిమాను నిషేధించి ప్రింట్లను స్వాధీనం చేసుకుంది. నహతా సుప్రీంకోర్టుకు పోయాడు. సినిమా చూపించమని కోర్టు ఆదేశించేసరికి చూపించడానికి సినిమా లేదు! దాన్ని గుర్‌గావ్‌లోని మారుతి ఫ్యాక్టరీలో తగలబెట్టించారని, ఎమర్జెన్సీ ముగిశాక సంజయ్‌గాంధీ మీద, మాజీ సమాచార మంత్రి విద్యాచరణ్ శుక్లా మీద సి.బి.ఐ. కేసు పెట్టింది.

విచారణ సాగుతుండగా, సాక్షులను లోబరచుకునే ప్రయత్నం జరిగిందని నమ్మి, 1978 మేలో సుప్రీంకోర్టు సంజయ్‌గాంధీ బెయిలును నెల రోజుల పాటు రద్దు చేసింది. ఈ కేసులో ఆయన చూసిన జైలు అదే, అదీ తీర్పుకు ముందు. 1979 ఫిబ్రవరి 27న ఢిల్లీ సెషన్సు కోర్టు ఇద్దరికీ రెండేళ్ళ జైలుశిక్ష విధించింది. అప్పీలు కోసం బెయిలు దొరికింది. 1980 జనవరి ఎన్నికల్లో ఇందిరాగాంధీ మళ్ళీ అధికారంలోకి వచ్చింది. సంజయ్‌గాంధీ అమేథీ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఏప్రిల్ 11న సుప్రీంకోర్టు నేరం రుజువు కాలేదని శిక్షను కొట్టివేసింది.

న్యాయమూర్తుల చిత్తశుద్ధిని నేనిక్కడ శంకించడం లేదు. చట్టం దృష్టిలో ఇద్దరూ నిర్దోషులే. నేను గమనించమనేది కాలాన్ని. శిక్షకూ తుది తీర్పుకూ మధ్య పదమూడున్నర నెలలు గడిచాయి. ఆ కాలంలో ముద్దాయిలు బయట ఉన్నారు. కేసు పెట్టిన ప్రభుత్వం పోయి ముద్దాయిల పార్టీ ప్రభుత్వం వచ్చింది. అధికారబలం ఉన్నవాడికి కాలం చుట్టమవుతుంది.

రెండవది మన ఇంటి కేసు. 1974లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సికింద్రాబాద్ కుట్ర కేసు బనాయించింది. కె.వి.రమణారెడ్డి, త్రిపురనేని మధుసూదనరావు, చెరబండరాజు, వరవరరావు వంటి రచయితలు అందులో ముద్దాయిలు. వాళ్ళ రచనలే నేరానికి సాక్ష్యాలుగా కోర్టుకెక్కాయి. అరెస్టులు, బెయిళ్ళు, ఎమర్జెన్సీలో మళ్ళీ నిర్బంధం, ఆపైన ఏళ్ళ తరబడి వాయిదాలు. 1989లో కోర్టు కేసు కొట్టివేసింది. అప్పటికి పదిహేనేళ్ళు. చెరబండరాజు ఆ తీర్పు వినలేదు. 1982లోనే కన్నుమూశాడు. ఈ కేసులో ఒక్కరికీ శిక్ష పడలేదు. జైలు మాత్రం పడింది.

కాబట్టి శిక్ష, జైలు ఒకటి కావు. ఒకరికి శిక్ష పడినా జైలు దూరంగానే ఉంటుంది. ఇంకొకరికి శిక్ష లేకుండానే జైలు ఎదురొస్తుంది. చట్టం ముందు అందరూ సమానులే అనే సూత్రం తీర్పు కాగితం మీద నిజం కావచ్చు. తీర్పుకు ముందూ వెనకా ఉన్న కాలంలో అది నిజం కాదు. వర్గ స్వభావం బయటపడేది అక్కడే.

ఇప్పుడు పరిస్థితి మారలేదా అని అడగవచ్చు. కొంత మారింది. రెండేళ్ళో అంతకు మించో శిక్ష పడిన చట్టసభ సభ్యులు అప్పీలు పేరుతో పదవిలో కొనసాగే వెసులుబాటును 2013లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. 2014లో జయలలిత ముఖ్యమంత్రిగా ఉండగానే అక్రమాస్తుల కేసులో శిక్షపడి జైలుకు వెళ్ళింది. కాని మూడు వారాల్లో బెయిలు వచ్చింది. 2015లో హైకోర్టు నిర్దోషి అన్నది. మళ్ళీ ముఖ్యమంత్రి అయింది. 2017లో సుప్రీంకోర్టు కింది కోర్టు తీర్పునే ఖాయం చేసేనాటికి ఆమె లేదు. సహముద్దాయి శశికళ శిక్ష అనుభవించి 2021లో విడుదలైంది. మరోవైపు 2022 చివరినాటికి దేశంలోని ఖైదీల్లో నూటికి 75 మందికి పైగా విచారణ ఖైదీలే!

పెద్దలకు బెయిలు ఇవ్వకూడదని నా వాదన కాదు. బెయిలూ అప్పీలూ హక్కులు. కుట్ర కేసుల్లో మనవాళ్ళు పోరాడింది ఆ హక్కుల కోసమే. నాయకుడికి ఒక్కరోజులో దొరికే హక్కు పూచీకత్తు ఇచ్చే దిక్కులేని కూలీకి ఏళ్ళు గడిచినా ఎందుకు దొరకదని అడగాలి. తీర్పు వచ్చిన రోజు పత్రికలు ఎలాగూ రాస్తాయి. వాయిదాకూ వాయిదాకూ మధ్య ఎవరు ఎక్కడున్నారో రాయవలసింది మనం.