శోకానికి చోటు: యుద్ధానంతర శ్రీలంకలో స్మృతి, కళ, సయోధ్య

కర్నూలు జిల్లా ఎర్రగుడి కొండరాళ్లపై అశోకుని 14 ప్రధాన శిలాశాసనాలు ఉన్నాయి. వాటిలో 13వది కళింగ యుద్ధాన్ని గూర్చిన పశ్చాత్తాప శాసనం. పట్టాభిషిక్తుడైన ఎనిమిదేళ్లకు జరిగిన ఆ యుద్ధంలో 1,50,000 మంది చెరపట్టి తరలించబడ్డారనీ, 1,00,000 మంది హతులయ్యారనీ, అంతకు అనేక రెట్ల మంది ఆ తరువాత మరణించారనీ చక్రవర్తి స్వయంగా చెప్పుకొన్నాడు. ఆప్తులను కోల్పోయి బ్రతికి ఉన్నవారి దుఃఖాన్ని సైతం అందులో పేర్కొన్నాడు. అయితే ఆ యుద్ధం జరిగిన కళింగంలో, అంటే ధౌలి, జౌగడ శిలలపై, ఈ శాసనం లేదు. అక్కడ 11, 12, 13 శాసనాలను విడిచి, వాటికి బదులు రెండు ప్రత్యేక శాసనాలను చెక్కించారు. మనుష్యులందరూ తన సంతానమేనన్న వాత్సల్యం వాటిలో ఉంది. న్యాయపాలనలో అన్యాయం జరగరాదని అధికారులకు హెచ్చరిక ఉంది. హతుల సంఖ్య మాత్రం లేదు.

మానుతున్న గాయాన్ని రేపరాదన్న వివేకమే దీనికి కారణమని కొందరు పండితులు భావించారు. పాలనావసరమే కారణమని మరికొందరు అన్నారు. కారణం ఏదైనా, పశ్చాత్తాపం ఎర్రగుడిలో వినబడింది, గాయపడిన నేలపై వినబడలేదు. ఒక సమాజం తన హింసను ఎక్కడ, ఎవరి ఎదుట, ఎవరి మాటల్లో స్మరించుకోవాలన్న ప్రశ్న అంత ప్రాచీనమైనది. సమీప చరిత్రలో ఆ ప్రశ్నను కళాకారులు తమ భుజాలకెత్తుకొన్న దేశం శ్రీలంక. నాగార్జునకొండలో సింహళ విహారం వెలసిన కాలం నుండి ఆంధ్ర బౌద్ధంతో బంధుత్వమున్న దేశం కనుక, అక్కడి అనుభవం ఈ ప్రాంతపు బౌద్ధ పరిశీలకులకు పరాయిది కాదు.

కర్మకు నోచుకోని మరణాలు

శ్రీలంకలో ఇటీవలి హింస ఒకే రేఖపై సాగలేదు. 1983 జూలైలో తమిళులపై జరిగిన దాడులతో తీవ్రరూపం దాల్చిన యుద్ధం 2009 మే నెలలో ముగిసింది. ఆ మధ్యలోనే, 1987 నుండి 1989 వరకు, దక్షిణాన సింహళ యువకుల సాయుధ తిరుగుబాటు, దాని అణచివేత జరిగాయి. ఉభయ సందర్భాలలోనూ వేలాదిమంది మరణించడమే కాదు, అదృశ్యమయ్యారు.

అదృశ్యం మరణం కంటె భిన్నమైన శోకాన్ని మిగులుస్తుంది. సింహళ బౌద్ధ గృహాలలో మరణించినవారి కొరకు ఏడవ రోజున, మూడు నెలలకు, సంవత్సరానికి భిక్షుసంఘానికి దానమిచ్చి, ఆ పుణ్యాన్ని మృతునికి అనుమోదింపజేస్తారు. యాళ్పాణం తమిళ హిందువులు 31వ రోజున అంత్యకర్మ జరుపుతారు. మరణించాడో లేదో తెలియని కుమారునికి ఏ తిథిన దానం ఇవ్వాలి? భర్త జాడ తెలియని స్త్రీ బొట్టు తుడుచుకోవాలా, ఉంచుకోవాలా? దేహం లేదు, తిథి లేదు, కనుక కర్మ లేదు. శ్రీలంక కళాకారులు ప్రవేశించినది ఈ శూన్యంలోనికే. వారి కృషిని శాంతి ప్రచారంగా గాక, కర్మ జరుగని చోట శోకానికి ఒక రూపం కల్పించే యత్నంగా చూడటం సమంజసం.

రెండు స్మారకాలు

1989-90 కాలంలో ఎంబిలిపిటియ ప్రాంతపు పాఠశాల విద్యార్థులు అపహరణకు గురై తిరిగిరాలేదు. 1999లో న్యాయస్థానం ఈ వ్యవహారంలో కొందరిని దోషులుగా నిర్ణయించింది. అదే సంవత్సరం, ఆ బాలుర స్మృతికై, రాజధానిలో పార్లమెంటు పరిసరాన 'అమాయకుల స్మృతిమందిరం' నిర్మితమైంది. దానిని రూపొందించిన జగత్ వీరసింహ చిత్రకారుడే గాక పురావస్తు శాస్త్రవేత్త కూడా. ప్రాచీన చిత్రాల పరిరక్షణ ఎరిగిన వ్యక్తి సమకాలీన శోకానికి ఆలయం కట్టడం గమనార్హం. అయితే ప్రభుత్వ ప్రోత్సాహంతో లేచిన ఆ కట్టడం ప్రభుత్వాలు మారగా నిరాదరణకు లోనైంది. యుద్ధం ముగిసిన తరువాతి నగర సుందరీకరణ కాలంలో అది కనుమరుగైంది.

రెండవది కొలంబోకు ఉత్తరాన, సీదువ సమీపంలోని రద్దొలువ కూడలిలో, 2000 సంవత్సరంలో వెలసింది. దీని రూపకర్త చంద్రగుప్త తేనువర. 1989 అక్టోబరు 27న స్వేచ్ఛా వాణిజ్య మండలి కార్మికులు హతులైన చోటు అది. అక్కడి గోడపై అదృశ్యమైనవారి ఛాయాచిత్రాలు వరుసలుగా అమర్చారు. ప్రతి అక్టోబరు 27న కుటుంబాలు అక్కడ చేరి, తమవారి చిత్రం ఎదుట పూలుంచి దీపాలు వెలిగిస్తాయి. తల్లులు వృద్ధులైనారు, కొందరు గతించారు, సమావేశం ఆగలేదు.

ఈ రెండింటి భవితవ్యం వేరగుటకు కళానైపుణ్యంలోని తారతమ్యం కారణం కాదు. మొదటిదానికి పోషకుడు రాజ్యం. రెండవదానికి పోషకులు దుఃఖితులే. స్తూపం చుట్టూ ప్రదక్షిణ నిలిచిపోతే అది ఇటుకల దిబ్బగా మారడం పురావస్తు పరిశోధకులు అనేక స్థలాలలో చూసినదే. స్మారకం సైతం కట్టడం వల్ల గాక, ఏటేటా జరిగే ఆచరణ వల్ల నిలుస్తుంది. తేనువర తానుగా 1997 నుండి ఏటా జూలై 23న, 1983 నాటి హింసకు స్మృతిగా ప్రదర్శన నిర్వహించడంలోనూ ఈ ఎరుకే కనిపిస్తుంది.

ఇంటింటి వస్తువులు, ఇళ్ల పటాలు

ఉత్తరాన యాళ్పాణంలో కృషి మరొక రూపం దాల్చింది. అక్కడి ప్రజా గ్రంథాలయం 1981లో దహనమై, సుమారు 97,000 గ్రంథాలు, తాళపత్రాలు బూడిదయ్యాయి. 2002 కాల్పుల విరమణ తరువాత, 2004లో, పునర్నిర్మితమైన ఆ గ్రంథాలయంలోనే దక్షిణాది, ఉత్తరాది కళాకారులు కలిసి 'అగమ్-పురమ్' ప్రదర్శన నిర్వహించారు. 'లోపల-వెలుపల' అని దాని అర్థం. అందులో యాళ్పాణం విశ్వవిద్యాలయ కళాచార్యుడు సనాతనన్ 'చరిత్రల చరిత్ర' పేరుతో, ద్వీపకల్పంలోని గృహాల నుండి సేకరించిన 500 వస్తువులను అమర్చాడు. యుద్ధం నుండి ఏదో ఒకటి దాచుకోని ఇల్లు అక్కడ లేదు. ఆవగింజల కోసం ఇల్లిల్లూ తిరిగిన కిసాగోతమి కథ ఎరిగిన పాఠకునికి ఈ సేకరణ అర్థం వివరించనక్కరలేదు. మృత్యువు సోకని గడప కనబడకపోవడమే ఆమెకు చికిత్స అయింది. తన దుఃఖం తనొక్కదానిది కాదన్న ఎరుక అది.

సనాతనన్ 2011లో ప్రచురించిన 'అసంపూర్ణ తోంబు' ఈ మార్గంలో మరింత ముందుకు సాగింది. తోంబు అనగా పోర్చుగీసు, డచ్చి పాలకులు సిద్ధపరచిన భూముల దస్తరం; ఆంధ్రదేశపు అడంగలు వంటిది. ఆ దస్తరం భూమిని పన్ను కోసం లెక్కించింది. ఈ గ్రంథం పోగొట్టుకొన్న ఇంటిని స్మృతి కోసం లెక్కిస్తుంది. నిర్వాసితులైన 80 మంది తమ ఇంటి నమూనాను జ్ఞాపకం నుండి గీశారు. దాని ననుసరించి వాస్తుశిల్పి కొలతల పటం గీశాడు. పిదప కళాకారుడు ఆ ఇంటి కథకు తన చిత్రం జోడించాడు. బావి ఎక్కడ, పూజగది ఏ దిక్కున, మామిడిచెట్టు ఏ మూల అన్నవే ఇందులోని సాక్ష్యాలు. ప్రతివాదాన్ని రేకెత్తించే నినాదం ఒక్కటీ లేనందున, ఇల్లు అనేది ఉన్న ఏ పాఠకుడైనా ఇందులో ప్రవేశించగలడు. సయోధ్యకు ఈ ప్రవేశమే ప్రథమ సోపానం.

ఎవరి శోకం?

ఒక వర్గపు శోకాన్ని మాత్రమే నిలిపే స్మారకం సయోధ్యకు చాలదు. 1987 జూన్ 2న అరంతలావ వద్ద 33 మంది భిక్షువులు, అత్యధికులు బాల శ్రామణేరులు, హతులయ్యారు. ఆ బస్సును నాటి హత్యాదృశ్యాన్ని చూపే ప్రతిమలతో సంగ్రహశాలగా నిలిపారు. 1990 ఆగస్టులో కాత్తాన్‌కుడి మసీదులలో ప్రార్థనలో ఉన్న ముస్లింలు హతులు కాగా, గోడలపై తూటాల రంధ్రాలను అలాగే ఉంచారు. ఈ దుఃఖాలన్నీ యథార్థాలే. అయితే ఉత్తరాన పుదుక్కుడియిరుప్పులో రాజ్యం నిలిపినది తుపాకి ఎత్తిన సైనికుని విజయ ప్రతిమ. యాళ్పాణం విశ్వవిద్యాలయ ప్రాంగణంలో విద్యార్థులు నిలుపుకొన్న ముళ్లివాయ్‌క్కాల్ స్మారకమో 2021 జనవరిలో కూల్చివేయబడి, నిరాహారదీక్ష జరిగిన పిదప అదే సంవత్సరం తిరిగి లేచింది.

హింసాదృశ్యాన్ని యథాతథంగా పునర్నిర్మించే ప్రతిమ చూచువారిలో కరుణతో పాటు క్రోధాన్నీ మేల్కొలుపవచ్చు. ఖాళీ స్థలం, ఛాయాచిత్రం, ఇంటి పటం వంటివి నిందితుని చూపక, లేనివారిని చూపుతాయి. తొలి బౌద్ధ శిల్పులు అమరావతిలో శూన్యాసనంతో, పాదముద్రలతో బుద్ధుని సూచించిన సంప్రదాయం ఎరిగినవారికి, లేమిని చూపి సాన్నిధ్యాన్ని తలపించే ఈ పద్ధతి కొత్తది కాదు.

కళ చేయలేనిది

కళ న్యాయానికి ప్రత్యామ్నాయం కాదు. సీదువ గోడ ఎదుట నిలిచిన తల్లులు దీపంతో పాటు ప్రశ్ననూ తెస్తారు: మా బిడ్డకు ఏమైంది? అదృశ్యమైనవారి విషయమై శాశ్వత కార్యాలయాన్ని నెలకొల్పే చట్టం 2016లో వచ్చినా, అనేక కుటుంబాలకు నేటికీ సమాధానం లేదు. సమాధానం ఇవ్వవలసినవారు కళను చూపి బాధ్యత నుండి తప్పుకొంటే, ఆ కళ ఉపశమనం గాక ముసుగవుతుంది. దుఃఖసత్యాన్ని అంగీకరించక నిరోధానికి మార్గం లేదన్నది ధర్మంలో మొదటి పాఠం. వ్యక్తికి వర్తించే ఈ క్రమం సమాజానికీ వర్తిస్తుంది.

ఈ విషయంలో భిక్షుసంఘానికీ, వారసత్వ పరిశోధకులకూ ప్రత్యేకమైన పాత్ర ఉంది. తిథి తెలియని మృతులకై, జాతి భాషా భేదం లేకుండా, పుణ్యానుమోదన జరుపగలది సంఘం. ప్రాచీన స్తూపాలతో సమానంగా రద్దొలువ గోడనూ, కాత్తాన్‌కుడి రంధ్రాలనూ, ముళ్లివాయ్‌క్కాల్ స్మారకాన్నీ రక్షణీయ వారసత్వంగా నమోదు చేయగలవారు పరిశోధకులు. అశోకుని పశ్చాత్తాపం ఎర్రగుడి బండపై 2,200 ఏళ్లకు పైగా నిలిచింది. ధౌలిలో ఆ మాటలకు చోటు దక్కలేదు. శ్రీలంక కళాకారులు, వారితో కలిసిన కుటుంబాలు, నష్టం జరిగిన నేలపైనే ఆ చోటును ఏర్పరచే పనిలో ఉన్నారు.