తాపీ పట్టినోడికి లేని కాయితం: అనకాపల్లిలో అనుమతులు, కాంట్రాక్టులు, కులం

పట్టణాల చరిత్ర రాసేవాళ్ళు శిలాఫలకాల దగ్గర మొదలుపెడతారు. ఫలకం పైన మంత్రి పేరు, దాని కింద చైర్మన్ పేరు, అన్నిటికన్నా అడుగున కాంట్రాక్టరు పేరు. తాపీ పట్టినోడి పేరు, తట్ట మోసినామె పేరు రాయరని అందరికీ తెలుసు. దాని మీద కవిత్వం కూడా చాలానే వచ్చింది. నేను అడగదలుచుకున్న ప్రశ్న ఇంకోటి. అడుగున ఉన్న ఆ కాంట్రాక్టరు పేరు మన వీధుల నుంచి ఎందుకు రాలేదు? గోడ కట్టడం వచ్చినవాడు, మట్టి లెక్క తెలిసినవాడు, ఇరవై మంది ముఠాని నడిపినవాడు తరాలు గడిచినా మేస్త్రీగానే ఎందుకు మిగిలిపోయాడు? ఇల్లు కట్టుకోడానికి సర్కారు ఒక కాయితం అడుగుతుంది. కాంట్రాక్టు చెయ్యడానికి ఇంకో కాయితం అడుగుతుంది. రెండిటినీ పక్కపక్కన పెట్టి చదివితే రెండూ వెతికేది ఒక్కదాన్నే: నీకు ఆస్తి ఉందా?

అనకాపల్లి మున్సిపాలిటీ 1877లో ఏర్పడింది. శారదా నది పక్కన, బెల్లం వ్యాపారం మీద పెరిగిన ఊరు. ఈ ఊరికీ, మద్రాసు ప్రెసిడెన్సీలోని మిగతా చిన్న పట్టణాలకీ వర్తించిన 1920 నాటి జిల్లా మున్సిపాలిటీల చట్టం ఇల్లు కట్టాలంటే పటాలు పెట్టి అనుమతి అడగాలంది. అదే చట్టం ఇంటి పైకప్పు గడ్డి, ఆకు, చాప వంటి నిప్పంటుకునే వాటితో అనుమతి లేకుండా వేయకూడదని కూడా అంది. అగ్ని భయం నిజమే. తాటాకు ఇళ్ళు తగలబడితే ఏమవుతుందో మనకన్నా ఎవరికి తెలుసు! కానీ పెంకు కొనలేనోడికి పెంకు ఎవరిస్తారో ఆ రూలులో లేదు. ఇటుక మేడకి పటం ఉంటే చాలు. తాటాకు ఇల్లు మాత్రం కప్పుతోనే నేరం మొదలుపెట్టింది. 1965లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల చట్టం కూడా ఈ దారినే నడిచింది.

ఇక స్థలం. 1917లో బెజవాడ సభలో మనవాళ్ళు ‘ఆది ఆంధ్రులం’ అని చెప్పుకున్నారు. ఆ తర్వాత కొద్ది ఏళ్ళకే, 1920 నుంచి, మద్రాసు ప్రభుత్వం లేబర్ కమిషనర్ ద్వారా అణగారిన కులాలకి ఇళ్ళ స్థలాలు సేకరించి ఇవ్వడం మొదలుపెట్టింది. స్వాతంత్ర్యం తర్వాత అదే పని డి-పట్టాల రూపంలో సాగింది. 1977 నాటి అసైన్డు భూముల చట్టం ఆ పట్టాలు చేతులు మారకుండా ఆపింది. భూస్వాముల చేతుల్లోకి పోకుండా కాపాడిన చట్టం అది, దాన్ని తిట్టడం నా ఉద్దేశం కాదు. అయితే కాపాడిన చట్టమే ఆ స్థలాన్ని మార్కెట్టులో విలువ లేని స్థలంగా కూడా చేసింది. బ్యాంకు దాన్ని తాకట్టు పెట్టుకోడానికి వెనకాడుతూ వచ్చింది. తహసీల్దారు దాన్ని ఆస్తిగా లెక్కెయ్యడు. ఈ సంగతి గుర్తుంచుకుంటే కాంట్రాక్టుల కథ అర్థమవుతుంది.

1942 అక్టోబరులో అంబేద్కర్ వైస్రాయికి ఒక వినతిపత్రం ఇచ్చారు. అప్పటికి ఆయన వైస్రాయి కౌన్సిలులో లేబర్ సభ్యుడు. కేంద్ర ప్రజాపనుల శాఖ ఆయన శాఖ కిందే ఉంది. షెడ్యూల్డు కులాల కష్టాలు చెబుతూ ఉద్యోగాలు, చదువులతో పాటు ప్రభుత్వ కాంట్రాక్టుల సంగతి కూడా రాశారాయన. వెయ్యికి పైగా పేర్లున్న ఆ శాఖ కాంట్రాక్టర్ల జాబితాలో షెడ్యూల్డు కులాల వాడు ఒక్కడు. ఒక్కడే! మన ఉద్యమాల్లో ఉద్యోగాల రిజర్వేషన్ మీద జరిగినంత చర్చ ఈ ఒక్కడి మీద జరగలేదు. సర్కారు ఖజానాలో డబ్బు జీతాలుగా మాత్రమే బయటికి రాదు గదా. రోడ్లుగా, కాలవలుగా, బడి గదులుగా కూడా వస్తుంది. ఆ దారిలో మనవాళ్ళు కూలి తీసుకున్నారు, బిల్లు మాత్రం వేరేవాళ్ళు తీసుకున్నారు.

2003 జులై 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నీటిపారుదల శాఖ ఇచ్చిన 94వ జీవో టెండర్ల పద్ధతిని, కాంట్రాక్టర్ల రిజిస్ట్రేషన్‌ని తిరిగి రాసింది. ప్రత్యేక తరగతి, దాని కింద ఒకటి నుంచి ఐదు దాకా తరగతులు. తరగతి పెరిగే కొద్దీ పెద్ద పని. మెట్టు ఎక్కాలంటే సాల్వెన్సీ సర్టిఫికెట్టు కావాలి, చేసిన పనుల రుజువు కావాలి, యంత్రాలుండాలి. సాల్వెన్సీ అంటే అప్పు తీర్చే తాహతు. తాహతుకి ఆధారం భూమి, మేడ. డి-పట్టా ఇక్కడ పనికిరాదు. అనుభవం రుజువు సంగతి ఇంకా చిత్రం. పాతికేళ్ళు బడి గదులు కట్టిన మేస్త్రీ ఎవరో కాంట్రాక్టరు కింద కట్టాడు, కాబట్టి అనుభవం ఆ కాంట్రాక్టరు ఖాతాలో పడింది. 1998లో హైదరాబాదులో నిర్మాణ రంగ అకాడమీ, అదే న్యాక్, పెట్టి తాపీ పని, రాడ్డు పని నేర్పి సర్టిఫికెట్లిచ్చారు. మంచిదే. ఆ సర్టిఫికెట్టు చూపిస్తే కూలి దొరుకుతుందేమో గానీ కాంట్రాక్టర్ల జాబితాలో చోటు దొరకదు.

ప్రైవేటు ఇళ్ళ దగ్గర కూడా ఇంతే. అపార్టుమెంట్లు కట్టే బిల్డర్లకి లైసెన్సు ఉంది, 2016 తర్వాత రెరా ఉంది. ప్లాను గీసే ఇంజనీరుకి కార్పొరేషన్ లైసెన్సు ఉంది. సొంతిల్లు కట్టిపెట్టే మేస్త్రీకి ఏముంది? చదరపు అడుగుకి ఇంత అని నోటి మాట. గోడ పగిలితే తిట్లు ఆయనకి, బిల్లు ఎగ్గొడితే చూపించడానికి ఆయన దగ్గర ఒక్క కాయితం లేదు.

రిజర్వేషన్ రాలేదా అంటే వచ్చింది, ఆలస్యంగా. కర్ణాటక 2017లో చట్టం సవరించి 50 లక్షల లోపు పనుల్లో 24.1 శాతం ఎస్సీ, ఎస్టీ కాంట్రాక్టర్లకి కేటాయించింది. తర్వాత ఆ పరిమితి కోటికి పెరిగింది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2019లో నామినేషన్ పనుల్లో సగం ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకని చట్టం చేసింది. (రాళ్ళు కొట్టి, చెరువులు తవ్విన వడ్డెరలు అక్కడ భోవి పేరుతో ఎస్సీలు, ఇక్కడ బీసీ-ఎలు. ఒకే సుత్తి, సరిహద్దు దాటితే వేరే జాబితా.) చట్టం వచ్చినంత మాత్రాన పెట్టుబడి రాదు. సిమెంటు, ఇనుము ముందే కొనాలి, బిల్లు నెలల తర్వాత వస్తుంది. అప్పటిదాకా మోసే శక్తి లేనోడి లైసెన్సు ఇంకొకడి చేతిలో అద్దె వస్తువు అయిపోతుంది.

ఊరు ఈలోగా పెరిగింది. 2013లో అనకాపల్లి మున్సిపాలిటీని విశాఖ మహానగర కార్పొరేషన్‌లో కలిపేశారు. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా కేంద్రమైంది. పరవాడ ఫార్మాసిటీ, అచ్యుతాపురం సెజ్ చుట్టుపక్కల అద్దెలు, గజం ధరలు లేచాయి. దీనితో పేటల్లో పాత కాలనీ ఇళ్ళు బాగుచేసుకోవాలన్న కోరిక కూడా లేచింది. మా ఇంట్లో మొదట డిగ్రీ చదివింది నేనే కాబట్టి ఇరుగుపొరుగు వాళ్ళు ప్లాను కాయితాలు చదవమని నా దగ్గరికి తెచ్చేవాళ్ళు. వెల్ల వేసుకోడానికి, పెంకు మార్చుకోడానికి అనుమతి అక్కర్లేదు. గది పెంచినా, పైన శ్లాబు వేసినా కావాలి. అనుమతికి ప్లాను, ప్లానుకి ఇంజనీరు సంతకం, అన్నిటికీ ముందు హక్కు పత్రం. అది సరిగా లేకపోతే అనుమతి లేదు. అనుమతి లేకపోతే బ్యాంకు అప్పు లేదు. రెండు లక్షలు బ్యాంకులో నూటికి తొమ్మిది చొప్పున దొరికితే యేడాదికి 18 వేలు వడ్డీ. అదే బయట నెలకి రెండు రూపాయల వడ్డీకి తెస్తే 48 వేలు. ఇసుక అదే, సిమెంటు అదే, మేస్త్రీ అదే. ముప్ఫై వేలు తేడా కేవలం కాయితం ధర. అందుకే మన వీధుల్లో ఇల్లు ఒక్కసారిగా లేవదు. ఈ యేడు పిల్లర్లు, పై యేడు గోడలు, ఎండకీ వానకీ తుప్పు పట్టే ఇనుప చువ్వలు.

డబ్బున్నోడు ప్లాను దాటి అంతస్తు లేపితే 2007 డిసెంబరు నాటి 901వ జీవో రుసుము కట్టించుకొని క్రమబద్ధం చేసింది. దానికీ హక్కు పత్రం కావాలి. 2015లో 100 గజాల లోపు పేదల ఆక్రమణలకి ఉచితంగా క్రమబద్ధీకరణ ఇచ్చారు, ఆ మాట కూడా చెప్పాలి.

2022 ఏప్రిల్ 28న సబ్బవరం మండలం పైడివాడ అగ్రహారంలో విశాఖ పేదలకి ఇళ్ళ పట్టాలు పంచారు. ఆ పథకంలో పట్టణ పేదకి ఒక సెంటు, అంటే 48 గజాలు. ఇంటికి 1 లక్షా 80 వేలు. కట్టుకోలేనివాళ్ళు ‘మూడో ఆప్షన్’ ఎంచుకుంటే సర్కారే కాంట్రాక్టరుతో కట్టిస్తానంది. ఆ డబ్బు చాలదని 2025 మార్చిలో కొత్త ప్రభుత్వమే ఒప్పుకొని, సగంలో ఆగిన ఇళ్ళకి ఎస్సీ, బీసీలకి 50 వేలు, ఎస్టీలకి 75 వేలు కలిపింది. కానీ ఆ లేఅవుట్లలో కాంట్రాక్టర్లుగా పనిచేసినవాళ్ళలో లబ్ధిదారుల కులాల వాళ్ళు ఎంతమంది?

ఈ లెక్క తీయడం కష్టమేం కాదు. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. గృహనిర్మాణ సంస్థని, కార్పొరేషన్ ఇంజనీరింగు విభాగాన్ని రెండు అడగాలి: ఐదో తరగతి కాంట్రాక్టర్లలో ఎస్సీ, ఎస్టీలు ఎంతమంది, 2019 చట్టం తర్వాత నామినేషన్ పనులు ఎవరి పేరున ఎంత మొత్తానికి వెళ్ళాయి. దరఖాస్తు తెల్ల కాయితం మీద రాస్తే చాలు, పది రూపాయలు ఖర్చు. ఎవరి ఊరి లెక్క వాళ్ళు తెస్తే పక్కపక్కన పెట్టి చూద్దాం.