ఒంగోలు జాతి సాధుత్వము: ఒక దేశాంతర చరిత్ర

పశుజాతులను గూర్చి వ్రాయువారు మూపురము, గంగడోలు, కొమ్ముల వంపు, పాలకొలత, మాంసపు తూకము మున్నగువానిని విపులముగా వర్ణించి, తీరా పశువు మనస్సునకు వచ్చుసరికి సాధువనియో బెదురుగొడ్డనియో ఒక్క మాటతో సరిపెట్టుట పరిపాటి. కాని యే జాతి స్వభావమునకైనను ఒక చరిత్ర గలదు. ఆ చరిత్రలో రక్తమున కెంత భాగమో పెంచిన చేతికిని అంత భాగము గలదని నా విశ్వాసము. గుండ్లకమ్మ, ముసి నదుల నడిమి నేలలలో రూపొంది, నెల్లూరు జాతి యను పేర సముద్రములు దాటి, నేడు బ్రెజిల్ దేశపు మాంసపు మందలకు మూలాధారమైయున్న మన ఒంగోలు పశువు కథకంటె దీనికి తగిన నిదర్శనము వేరొకటి నాకు కనబడదు.

ఒంగోలు సీమ రైతు పశువును మందగా గాక ఇంటి సొత్తుగా, ఇంకను చెప్పవలెనన్న ఇంటి బిడ్డగా, పెంచినవాడు. దూడ పుట్టిననాటినుండి పెరటి గుంజకు కట్టుబడి, ఇల్లాలు పెట్టిన కుడితి త్రాగి, పిల్లలు గంగడోలు నిమురుచుండగా మెడ చాచి నిలుచుట నేర్చి, వయస్సు వచ్చినంత ముకుతాడు పడి కాడి క్రిందికి వచ్చునాటికి, దానికి మనుష్యుని వాసనయు కంఠస్వరమును తల్లి వాసనవలె పరిచితములై యుండెడివి. అంతటి బరువుగల పశువు, అదలించు కేకతోనే అడుగు వెనుకకు వేయుట చూచినవారికి అది పుట్టువిద్యగా తోచును. కాని దాని వెనుక అనేక తరముల యేరిక గలదు. తన్ను ఎద్దునకు, కుమ్ము కోడెకు సంతలో ధర పలుకదు. బిడ్డలు తిరుగు వాకిట అట్టిదానిని కట్టుకొనుటకు ఏ యిల్లాలును సమ్మతింపదు. పితరుల పేర అచ్చువేసి విడిచిన ఆంబోతే ఊరి ఆవులకు బీజదాత. అది యెవ్వరి త్రాటికిని కట్టుబడక వీథులలోను చేలలోను తిరుగునది కావున, దానిని ఏరుటలో మేని సొంపుతోపాటు గుణమును చూచుట ఊరిక్షేమమునకే అవసరమయ్యెను. ఇట్లు శాస్త్రజ్ఞులు స్వభావవరణమని నేడు పిలుచుదానిని మన పల్లెలు ధర్మముగను ఆచారముగను చిరకాలము నడపినవి.

ఇందుకు ప్రతిగా పొరుగుననున్న మైసూరు సీమను చూడుడు. వడయారుల కాలమున మొదలై, హైదరు చేతికి వచ్చి, టిప్పు సుల్తాను కాలమున అమృతమహల్ అను పేరు పొందిన ప్రభుత్వపు మందలు ‘కావళ్లు’ అను విశాలమైన పచ్చిక బీళ్లలో, గుంజయు పలుపును ఎరుగక పెరిగెడివి. ఫిరంగుల బండ్లను, సేనల సామగ్రిని వేగముగా లాగుటలో వానికి సాటి లేకుండెను. కాని మనుష్యుని పొడ గిట్టని ఆ కోడెలను లొంగదీసి కాడికి మరపుట కఠినమైన పని. రెండును మూపురపు జాతులే. ఒకటి పెరటి దీపము వెలుగున పెరిగెను. రెండవది సైన్యము కొరకు అడవి గాలిలో పెరిగెను. ఈ భేదమును మనసునం దుంచుకొని, ఇక నావ యెక్కిన ఒంగోలు పశువు వెంట పోదము.

1868లో ఇంగ్లండునకు పోవుచున్న యొక ఓడ బ్రెజిల్ లోని సాల్వడోర్ రేవున ఆగినపుడు, అందలి నెల్లూరు పశువుల జంట యొకటి అచ్చట అమ్ముడుపోయెను. పదియేండ్ల తరువాత, 1878లో, రియో డి జనీరో ప్రాంతపు పశుపోషకుడు మనోయెల్ లెమ్‌గ్రూబర్ జర్మనీలోని హాంబర్గు జంతుప్రదర్శనశాలలో ఈ జాతిని చూచి ముగ్ధుడై మరియొక జంటను కొనిపోయెను. 1938లో అచ్చట ఈ జాతికి వంశావళి గ్రంథ మేర్పడెను. 1960 దశకారంభమున జరిగిన తుది దిగుమతులలో, ఒంగోలు చెంతనున్న కరవది గ్రామము పేరనే కర్వాది అని పిలువబడిన ఆబోతు వెళ్లి, బ్రెజిల్ మందలలో లెక్కకు మిక్కిలియైన సంతతికి మూలపురుషు డయ్యెను. ఉష్ణమును, పిడుదులను, గడ్డి కరవును ఓర్చుకొనుటలో ఐరోపా జాతులు దీనిముందు నిలువలేకపోయినవి.

కాని అచ్చట పెరడు లేదు, గుంజ లేదు, కుడితి లేదు. కనుచూపు మేర పరచుకొన్న బీడులో వేలకొలది పశువులు. మనుష్యుడు గుఱ్ఱముమీద, ఏడాదిలో కొలది పర్యాయములు మాత్రమే కనబడును. వచ్చిన ప్రతిసారియు వాత వేయుటకో, విత్తు కొట్టుటకో, సూది పొడుచుటకో వచ్చును. ఆ మృగమున కిక మనుష్యుడన నొప్పి తప్ప వేరే అర్థమేమి యుండగలదు? బెదరుట, దడి దూకుట, దూడను ముట్టవచ్చినవానిపైకి దుముకుట అచ్చటి నెల్లూరు జాతికి లక్షణములుగా గ్రంథముల కెక్కినవి. ఇందుకు భిన్నముగా, డచ్చివారు సుంబా ద్వీపమునకు కొనిపోయిన ఒంగోలు పశువుల సంతతి జావా రైతు చేతికి వచ్చి, వరిమడిలో నాగలి లాగుచు, పిల్లవాని చేతి త్రాటివెంట నడచుచు, పెరానకన్ ఒంగోల్ అను పేర నేటికిని నిలిచియున్నది. రక్త మొక్కటియే, సంసార మొక్కటి కాదు.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో కథ మరియొక మలుపు తిరిగెను. 1906లో టెక్సాస్ లోని పియర్సు భూస్వామ్యమువారు భారతదేశమునుండి నేరుగా పశువులను దింపుకొనిరి. మన ఒంగోలు, గీర్, కాంక్రేజి, కృష్ణాతీరపు జాతుల సమ్మేళనమునుండి పుట్టినది బ్రాహ్మణ్ జాతి. దాని పోషకుల సంఘము 1924లో నెలకొనెను. ఆంగస్, హెరిఫర్డు వంటి బ్రిటిషు జాతుల నెమ్మదికి అలవాటుపడిన గోపాలకులు బ్రాహ్మణ్ పశువు చురుకుదనమును పొగరని నిందించిరి. అట్టి సమయమున టామ్ లాసటర్ అను టెక్సాస్ పశుపోషకుడు 1930 దశకమున హెరిఫర్డు, షార్టుహారను, బ్రాహ్మణ్ జాతులను కలిపి బీఫ్ మాస్టర్ అను క్రొత్త జాతిని రూపొందించుచు, ఆరు గుణములనే చూచెదనని నియమించుకొని, ఆ యారింటిలో స్వభావమునకు చోటిచ్చెను, వర్ణమునకు ఈయలేదు. తల్లినుండి విడదీసిన దూడల మధ్య మనుష్యులను నిలిపి, పత్తిగింజల చెక్క బిళ్లలను చేతితో తినిపించి వానిని మచ్చిక చేయుట ఆయన పద్ధతి. ఒంగోలు ఇల్లాలి కుడితి కుండ ఆ దేశమున అట్లు మారువేషమున ప్రత్యక్షమైనదని నే నందును.

తరువాతి కాలపు పరిశోధనలు ఈ విషయమున రక్తము, పెంపకము అను రెండు పక్షములకును బలమిచ్చినవి. ఆస్ట్రేలియాలో 1980 దశకమున, తూచు బోనునుండి విడువగానే పశువు ఎంత వేగముగా వెలికి పరుగెత్తునో కొలిచి బెదురును అంకెలలో వ్రాయు పద్ధతి యేర్పడెను. ఆ గుణము తండ్రినుండి బిడ్డకు కొంత సంక్రమించుననియు, మూపురపు జాతుల సంకరములు సామాన్యముగా బ్రిటిషు జాతులకంటె ఎక్కువ బెదరుననియు తేలినది. 1997లో కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు శాంతస్వభావముగల పశువులు బెదురుపశువులకంటె త్వరితముగా బరువెక్కునని చూపిరి. వధకు ముందు కలవరపడిన పశువు కండరములలోని శక్తినిలువ హరించుటచే మాంసము నల్లబడి గట్టిపడునని వ్యాపారులకును తెలిసినది. ఇంతటితో ఆగినచో తప్పు రక్తముదే అనవచ్చును; కాని పసితనముననే మెల్లగా చేయి తగిలిన బ్రాహ్మణ్ పశువు మనుష్యుని వెదకికొని వచ్చి నిలుచునని అదే పరిశోధకులును, అనుభవజ్ఞులును ముక్తకంఠముగా చెప్పుదురు. ఈ జాతి సూక్ష్మగ్రాహి; మేలును, కీడును రెండింటిని ఇతరములకంటె లోతుగా గ్రహించి నిలుపుకొనును. దానిని పిచ్చిదనుట అన్యాయము.

నేడు మన పల్లెలలో ట్రాక్టరు వచ్చి ఎద్దు పెరటినుండి తొలగినది. ఒంగోలు కోడె బండలాగుడు పందెములలోను ప్రదర్శనలలోను మాత్రమే మనకు కనబడుచున్నది. జాతిని నిలుపుటకై గుంటూరు చెంత లాం మొదలైన క్షేత్రములలో జరుగు కృషి కొనియాడదగినదే. ఆ క్షేత్రముల అధికారులకును, ఇంకను ఈ జాతిని వదలని రైతులకును నాదొక మనవి: పాలకొలత, ఎత్తు, బరువు వ్రాయు పుస్తకములోనే ప్రతి దూడ స్వభావమునకును ఒక గడి కేటాయింపుడు, దూడలను మందలో వదలివేయక, పుట్టిన వారము లోపలనే వానిపై చేయి వేయుడు.