అకలేసియా ఆపరేషన్ తర్వాత: ముద్ద దిగుతుంది, జాగ్రత్త మానకూడదు

ముద్ద ఛాతీలోనే ఆగిపోవడం, పడుకుంటే తిన్నది గొంతులోకి రావడం, బరువు తగ్గడం అకలేసియా కార్డియా లక్షణాలు. ఏటా లక్ష మందిలో ఒకరికి వచ్చే అరుదైన జబ్బు ఇది. అందుకే చాలామంది గ్యాస్ అనుకుని నెలల తరబడి మాత్రలు వాడతారు.

జబ్బు ఏమిటి?
అన్నవాహిక నరాలు దెబ్బతింటాయి. దాంతో కింది కండరం తెరుచుకోదు. ముద్దను కిందికి నెట్టే కదలిక కూడా పోతుంది.

ఆపరేషన్
బిగిసిన కండరాన్ని కోసి వదులు చేస్తారు. జర్మనీ సర్జన్ ఎర్నెస్ట్ హెల్లర్ 1913లో మొదలుపెట్టిన ఈ పద్ధతిని ఇప్పుడు లాపరోస్కోపీతో చేస్తున్నారు. 2008లో జపాన్ డాక్టర్ హరుహిరో ఇనోవే నోటి ద్వారా ఎండోస్కోపీతో చేసే 'పోయెమ్' తెచ్చారు. హైదరాబాద్‌ ఏఐజీలో ఇవి వందల సంఖ్యలో జరిగాయి.

తర్వాతి జీవితం
2019లో వెలువడిన 221 మంది రోగుల అధ్యయనంలో రెండేళ్ల తర్వాత రెండు పద్ధతుల్లోనూ 80 శాతానికి పైగా బాగున్నారు. అయితే యాసిడ్ వల్ల అన్నవాహికలో పుండ్లు పోయెమ్ తర్వాత 44 శాతం మందిలో, లాపరోస్కోపీ తర్వాత 29 శాతం మందిలో కనిపించాయి. మంట లేకున్నా పుండు ఉండొచ్చు. పోయిన కదలిక కూడా సాధారణంగా పూర్తిగా తిరిగి రాదు.

తిండి, నిద్ర
మొదట గంజి, జావ, తర్వాత మెత్తటి కిచిడీ. రొట్టె, మాంసం ముక్కలు బాగా నమిలి, మధ్యమధ్య నీళ్లు తాగుతూ తినాలి. తిన్నాక రెండు మూడు గంటలు పడుకోవద్దు. మంచం తలవైపు కాళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేయాలి.

రంజాన్‌లో
రోజా ఉండొచ్చా అన్నది డాక్టర్‌ను అడిగే నిర్ణయించుకోవాలి. జబ్బుతో ఉన్నవారికి మినహాయింపు ఉంది, తర్వాత ఖజా చేయొచ్చు. ఇఫ్తార్‌లో కొంచెం తిని, మగ్రిబ్ నమాజ్ అయ్యాకే భోజనం చేస్తే మేలు. నిండు కడుపుతో సజ్దా చేస్తే తిన్నది పైకి తన్నొచ్చు. సహరీ తినగానే నిద్రపోకూడదు.

చెకప్
భద్రాచలం నుంచి హైదరాబాద్ 300 కిలోమీటర్లకు పైనే. చర్ల, దుమ్ముగూడెం వాళ్లకు ఇంకా దూరం. 'బాగైంది కదా' అని మానేసేది ఇక్కడే. ముద్ద ఆగడం, తిన్నది వెనక్కి రావడం, ఛాతీ నొప్పి, బరువు తగ్గడం: ఈ నాలుగింటిలో ఏది మళ్లీ కనిపించినా ఆపరేషన్ చేసిన డాక్టర్‌కు చెప్పాలి. ఇంటికొచ్చిన కొత్తల్లో జ్వరం, ఆయాసం, తీవ్రమైన ఛాతీ నొప్పి వస్తే ఆగకుండా భద్రాచలం ఏరియా ఆసుపత్రికో ఖమ్మం పెద్దాసుపత్రికో డిశ్చార్జి కాగితాలతో వెళ్లాలి.