పరాయివారికి ప్రవేశము లేదు

లక్సెట్టిపేట చెంత గోదావరి గట్టున నిలిచినప్పుడు, ఒకప్పుడు ఈ తీరము నేలిన హైదరాబాదు రాజ్యపు విదేశవ్యవహారములు మనకు స్ఫురించును.

1798 సెప్టెంబరులో నిజాము కంపెనీతో సంధి చేసికొనెను. ఫ్రెంచివారిని కొలువునుండి తొలగింపవలెను. ఆరువేల కంపెనీ సిపాయిలను తన ఖర్చుతో పోషింపవలెను. 1800 సంధితో, కంపెనీకి తెలియకుండ ఇతర రాజ్యములతో సంప్రదించుటయు నిషిద్ధమయ్యెను.

అమెరికా ఖండములలో ఐరోపా రాజ్యములు జోక్యము చేసికొనరాదని అధ్యక్షుడు మన్రో ప్రకటించినది 1823లో. దక్కనున అట్టి సూత్రము అంతకు ముందే అమలైనది. కాని ఇచట వాకిలి కాచినవాడును పరాయివాడే! ఆ కావలి కూలి రైతు పన్నులనుండియే వచ్చెను.

1947 నవంబరు 29 నాటి యథాతథపు టొడంబడికలో విదేశవ్యవహారములు భారత ప్రభుత్వమునకు చెందెను. 1948 ఆగస్టులో నిజాము ప్రభుత్వము భద్రతామండలి నాశ్రయింపగా, ఇది ఇంటి విషయమని భారతదేశము వాదించెను. సెప్టెంబరులో సైనికచర్యతో ఆ వివాదము ముగిసెను.

పరాయివాడు రారాదనుట తేలిక. ఆ మాట ఎవరి మేలు కోరి పలుకబడెనో విచారించుటయే మన పని.