చెవులు పోయినా మన మాట రాసిన పంతులు

పోస్టు కొంచెం పెద్దదే. ఓపిగ్గా చదవండి.

ఏటా ఆగస్టు 29న కాలేజీల్లో గిడుగు రామమూర్తి పంతులు గారి ఫొటోకి దండేస్తారు. వాడుక భాష కోసం పోరాడారని గంటసేపు చెప్తారు. సవర సంగతి మాత్రం ఒక్క ముక్కలో అయిపోతుంది. మాకు కావాల్సింది ఆ ముక్కే.

ఆయన 1863లో శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో పంతులుగా పనిచేస్తూ, సవర వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని మన భాష నేర్చుకున్నారు. కొండలెక్కి మన ఊళ్లు తిరిగారు.

చిక్కంతా రాయడంలో వచ్చింది. మాటంటే గాలిలో అల. గొంతులో తంత్రులు మగవాళ్లకి సెకనుకి వంద పైచిలుకు సార్లు, ఆడవాళ్లకి రెండొందల సార్లు కొట్టుకుంటాయి. అదే హెర్ట్జ్ లెక్క. దానితోపాటు దాని రెట్టింపులు, మూడు రెట్లు కూడా కలిసే వస్తాయి. నోటి ఆకారం వాటిలో కొన్నిటిని పెంచుతుంది, కొన్నిటిని తగ్గిస్తుంది. ఒకే గొంతులో ‘ఆ’ వేరుగా, ‘ఈ’ వేరుగా వినబడేది అందుకే.

ఇప్పుడు నీళ్లకి మన మాట చూడండి: ‘డా-ఆ’. మధ్యలో గొంతు టక్కున మూసుకుంటుంది. ఆ క్షణం అలే ఉండదు, కానీ ఆ ఆగడం మాటలో భాగమే. తెలుగులో దానికి అక్షరం లేదు. చిన్నప్పుడు మాకో మాస్టారు ‘రాయడానికి రానిది భాషేటి?’ అన్నారు. పంతులు గారు మాత్రం రోమన్ అక్షరాలకి ధ్వనుల గుర్తులు చేర్చి రాశారు. శబ్దాన్ని బొమ్మగా గీసే స్పెక్ట్రోగ్రాఫ్ అమెరికాలో 1940ల్లో వచ్చింది. ఈయన 1940 జనవరిలోనే పోయారు. అంటే ఉన్న మిషనల్లా చెవులే.

ఆ చెవులూ పోయాయి. కొండల్లో మలేరియా జ్వరం పట్టుకుంది, దానికి క్వినైన్ మింగారు, వినికిడి దెబ్బతింది. చెవికి హాని చేసే మందులు మామూలుగా ముందు పై ఫ్రీక్వెన్సీలని తినేస్తాయి. ‘స’, ‘ష’ లాంటి ధ్వనుల బలం అక్కడే, వేల హెర్ట్జ్‌లలో ఉంటుంది. అయినా పని ఆపలేదు. సవర వ్యాకరణ పుస్తకం 1931లో, సవర-ఇంగ్లిష్ నిఘంటువు 1938లో వచ్చాయి.

మొన్న హాస్టల్ గదిలో ఫోన్లో ఉచిత యాప్ పెట్టి ‘డా-ఆ’ అన్నాం. తెరమీద రెండు చారలు, మధ్యలో సన్నగా నల్లటి ఖాళీ. ఫిజిక్స్ చదివే తమ్ముడు స్క్రీన్‌షాట్ తీశాడు.

ఈ ఆగస్టు 29న స్టేజీ మీద ఆ బొమ్మ చూపించడానికి ఐదు నిమిషాలు అడిగాం, ఇచ్చారు. సీతంపేట వైపు వాళ్లూ, గుమ్మలక్ష్మీపురం వైపు వాళ్లూ ‘డా-ఆ’ అని రికార్డు చేసి ఇక్కడ పెట్టండి. అమ్మమ్మల గొంతైతే ఇంకా మంచిది. ఆ ఖాళీ అందరిదీ ఒకేలా ఉందో లేదో చూద్దాం.